ఉప్పునీళ్ళ టాంకు, పాచి, మా నాన్న చెరువు

పోయినసారి హ్యూస్టన్ బంకమట్టి మీద స్లాబు ఎందుకు పగులుతుందో అంత కష్టపడి రాస్తే, చాలామంది అది వదిలేసి ఫొటోలో వెనకాల ఉన్న చేపల టాంకు గురించి అడిగారు. "అన్నా, మాది నెల తిరక్కుండా పచ్చగా పాచి పట్టేస్తోంది, మీది అద్దంలా ఎలా ఉంది?" అని. అద్దంలా ఏమీ లేదండి. ఫొటో తీసిన వైపు బాగుంది, అంతే. అడిగారు కాబట్టి మొత్తం రాస్తున్నాం. పెద్ద పోస్టు, టీ పెట్టుకుని కూర్చోండి. మాకు తెలిసినవాళ్ళకి మా రాత సంగతి తెలుసు, మేము అంటే మా ఇంట్లో ముగ్గురం. ఎవరు ఏం చేసినా ముగ్గురి ఖాతాలోనే రాస్తాం.

టాంకు మేము కొన్నది కాదు. 2018లో కేటీ వైపు ఒక ఇంట్లో వంటగది పని చేస్తున్నాం. ఇంటాయన వేరే రాష్ట్రం వెళ్ళిపోతున్నాడు. గరాజ్‌లో 75 గ్యాలన్ల ఉప్పునీళ్ళ టాంకు, స్టాండు, లైట్లు, మోటార్లు. "తీసుకెళ్తే తీసుకెళ్ళండి, లేకపోతే డంప్‌స్టర్‌లోకే" అన్నాడు. సైటు కుర్రాళ్ళు నలుగురు పట్టి ట్రక్కులో పెట్టారు. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు, వాడి ఆనందం చెప్పలేం. మా ఆవిడ మాత్రం గుమ్మంలో నిలబడి ఒకటే మాట అంది. "చెరువు వల్లే కదండీ ఊరొదిలిపెట్టింది, మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకుంటున్నారా?"

ఆ మాట ఎందుకందో చెప్పాలి. మాది నరసాపురం దగ్గర. 90ల్లో మా వైపు వరి చేలు తవ్వి చెరువులు చేసి, క్రీకు నుంచి ఉప్పునీళ్ళు తోడి టైగర్ రొయ్య వేసేవారు. నాన్న కూడా రెండెకరాలు లీజుకి తీసుకున్నాడు. సీడుకీ మేతకీ నూటికి మూడు వడ్డీకి అప్పు, పైన అమ్మ గాజులు. 1994, 95ల్లో తెల్లమచ్చ తెగులు వచ్చి కోస్తా అంతా చెరువులు ఊడ్చిపెట్టుకుపోయాయి. మాదీ 95 కార్తీకంలో పోయింది. మేము అప్పుడు పదో తరగతి. మార్చిలో పరీక్ష రాసి పాసయ్యాం గానీ ఇంటర్ ఫీజుకి డబ్బు లేదు. జూన్‌లో సెంట్రింగ్ మేస్త్రి వెంట హైదరాబాద్, 2004లో దుబాయ్, మా ఆవిడ నర్సు పరీక్ష పాసయ్యాక 2015లో ఇక్కడికి. "తెల్లమచ్చ వల్ల మా వాడి చదువు ఆగిపోయింది" అని నాన్న అందరికీ చెప్పేవాడు. మేమూ అదే చెప్పుకున్నాం పాతికేళ్ళు.

సరే, టాంకు. మేడ మీద పెట్టాలనుకునేవాళ్ళకి మా వృత్తి తరఫున ఒక మాట. 75 గ్యాలన్ల ఉప్పునీళ్ళంటే నీళ్ళే 290 కిలోలు. రాళ్ళు, ఇసుక, స్టాండు కలిపితే 400 దాటుతుంది. కింద కాంక్రీటు స్లాబు అయితే భయం లేదు. చెక్క ఫ్లోరు అయితే గోడ వారగా, కింద జాయిస్టులకి అడ్డంగా పెట్టండి, బరువు నాలుగైదు జాయిస్టుల మీద పడేలా. గది మధ్యలో పెట్టకండి. టాంకు కింద ఇంకో చిన్న టాంకు ఉంటుంది, మోటారూ ఫిల్టరూ అన్నీ అందులోనే. దాన్ని ఇక్కడ కూడా సంప్ అనే అంటారు. ఊళ్ళో ఇంటి ముందు సంపుకి, దీనికి పేరు ఒకటే అని తెలిసి మా ఆవిడ ఆ రోజంతా నవ్వింది.

మూడేళ్ళు బాగానే నడిచింది. తెల్లచారల నీమో చేపలు రెండు, పసుపు ట్యాంగ్ ఒకటి, మెత్తటి పగడాలు కొన్ని. తర్వాత 2021 ఫిబ్రవరి వచ్చింది.

టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి ఆ వారం గురించి చెప్పక్కర్లేదు. 15వ తేదీ సోమవారం తెల్లవారుజామున కరెంటు పోయింది. బయట నీళ్ళు గడ్డకట్టే చలికంటే ఇంకా కిందకి పడిపోయింది. ఇక్కడి ఇళ్ళు ఎండకి కట్టినవి, చలికి కాదు. మాకు 40 గంటలు కరెంటు లేదు. టాంకు చుట్టూ దుప్పట్లు కప్పాం. చేపలు పట్టేవాళ్ళు ఎర బక్కెట్లో పెట్టుకునే బ్యాటరీ గాలి పంపు ఒకటి గరాజ్‌లో ఉంటే అది వేశాం. గ్యాసు పొయ్యి మీద నీళ్ళు కాచి, సీసాల్లో పోసి, మూతలు బిగించి టాంకులో తేలేశాం. గంటకోసారి మా అబ్బాయే మార్చాడు, నిద్రపోలేదు వాడు. అయినా నీళ్ళు 17 డిగ్రీలకి దిగాయి, ఉండాల్సింది 25. ట్యాంగ్ పోయింది. పగడాలు చాలావరకు పోయాయి. నీమోలు బతికాయి.

పాచికి విత్తనం అక్కడ పడింది. చచ్చిన పగడాలు రాళ్ళ సందుల్లో కుళ్ళాయి. మేము చూసుకోలేదు. ఎందుకంటే ఆ వారం ఊరంతా పైపులు పగిలాయి, ఇంటింటికీ సీలింగులు ఊడి పడ్డాయి. మార్చి, ఏప్రిల్ రోజుకి 14 గంటలు పని. డబ్బులు వచ్చాయి, అబద్ధం ఎందుకు. మా ఆవిడకి హాస్పిటల్లో కోవిడ్ డ్యూటీలు. ఇంట్లో పిల్లాడు ఒక్కడే, ఆన్‌లైన్ క్లాసులు. మిగిలిన రెండు చేపలూ పోతాయేమోనని వాడి భయం. రోజుకి నాలుగుసార్లు మేత వేశాడు. చీకట్లో భయపడతాయని లైట్లు రాత్రి దాకా వెలిగించే ఉంచాడు. వాణ్ణి అనడానికి లేదు, ప్రేమతో చేశాడు.

మే నెలకి రాళ్ళు కనపడటం మానేశాయి. పచ్చటి జుట్టు, బెత్తెడు పొడుగు. దీన్ని ఇక్కడ హెయిర్ ఆల్గే అంటారు, మేము జుట్టు పాచి అంటాం. లాగితే ఊడుతుంది, వారానికి మళ్ళీ వస్తుంది. అద్దం గీకితే సాయంత్రానికి పచ్చ పొర.

మేము సైటు పద్ధతిలోనే ఆలోచించాం. బూజు పడితే మందు కొట్టు. ఆన్‌లైన్లో పాచి మందు ఒకటి తెప్పించాం, చిన్న సీసా. చేపల షాపు ఆయన ఒకసారి ఫ్లూకొనజోల్ గురించి చెప్తే అది కూడా తెచ్చాం. మా ఆవిడ ఆ పేరు చూసి, "ఇది మా వార్డులో మనుషులకి ఫంగస్‌కి ఇచ్చే మందు కదండీ, చేపలకా?" అని నోరెళ్ళబెట్టింది. నిజమే, అదే మందు. జుట్టు పాచికి కొందరు వాడతారు, పని కూడా చేస్తుంది. రెండూ బల్ల మీద పెట్టుకుని, ఆదివారం కదా, ముందు నాన్నకి వీడియో కాల్ చేశాం.

మనవడు ఫోన్ టాంకు వైపు తిప్పి చూపించాడు. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఏం మందు వేస్తున్నారురా?" అన్నాడు. వాడు సీసా తిప్పి, లేబులు మీద చిన్న అక్షరాలు చదివాడు. "కాపర్ సల్ఫేట్, తాతయ్యా."

"అంటే మైలుతుత్తం" అన్నాడు నాన్న. "వెయ్యకండి."

ఆ తర్వాత ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాం. రాయొచ్చా అని అడిగాం, రాసుకోండి అన్నాడు.

"మన చెరువు తెల్లమచ్చతో పోలేదురా. పాచి. నీళ్ళు చిక్కగా పచ్చబడ్డాయని నేనే మైలుతుత్తం కరిగించి కొట్టించాను. మేత వేసే కుర్రాడు వద్దన్నాడు. మబ్బుగా ఉందండీ, ఎండ వచ్చాక చూద్దాం అన్నాడు. వినలేదు. మర్నాటికి నీళ్ళు తేటపడ్డాయి. ఎంత సంబరపడ్డానో. ఆ మర్నాడు తెల్లారగట్ట వెళ్ళేసరికి చెరువంతా తేలిపోయింది. గట్టు చుట్టూ రొయ్యే. అందరి చెరువులకీ తెల్లమచ్చే కదా, మనదీ అదే అని చెప్పేశాను. మీ అమ్మకి కూడా అదే చెప్పాను."

అమ్మ ఇప్పుడు లేదు. మాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. పాతికేళ్ళ సెంట్రింగ్ పని, దుబాయ్ ఎండ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకి వచ్చిన మాట నిజం. కోపం రాలేదని చెప్పం. వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఫోన్లో ఆయన మొహం చూస్తే, పాతికేళ్ళుగా ఆయన ఒక్కడే ఆ గట్టు మీద నిలబడి ఉన్నాడనిపించింది. "ఇప్పుడు ఏం చెయ్యమంటావు నాన్నా?" అని మాత్రం అడిగాం. "మేత తగ్గించు. మిగతాది ఓపిక" అన్నాడు.

చెరువు ఎందుకు తేలిందో తర్వాత అర్థం చేసుకున్నాం. పాచి పగలు ఎండలో నీళ్ళకి గాలి ఇస్తుంది, రాత్రి అదే గాలి పీలుస్తుంది. దాన్ని ఒకేసారి చంపితే ఇచ్చేది ఆగిపోతుంది. పైగా చచ్చిన పాచి కుళ్ళేటప్పుడు ఆ పని చేసే సూక్ష్మజీవులు ఉన్న గాలి కాస్తా వాడేస్తాయి. మబ్బు పట్టిన రోజుల్లో అసలే తక్కువ, తెల్లవారుజాముకి అడుగంటుతుంది. నీళ్ళు తేటగా కనిపించిన రోజే ప్రమాదం. మాకు గంట దూరంలో ఉన్న సముద్రంలో కూడా ఏటా ఇదే జరుగుతుంది. మిసిసిపి నది పొలాల ఎరువులు తెచ్చి లూసియానా తీరంలో పోస్తుంది, పాచి విపరీతంగా పెరిగి చచ్చి కుళ్ళుతుంది, కింద నీళ్ళలో గాలి ఉండదు. 2017లో అలాంటి మేర 8,776 చదరపు మైళ్ళు కొలిచారు. పైగా మా టాంకులో రాగి వేస్తే నత్తలు, రొయ్యలు, మిగిలిన పగడాలు ముందు పోయేవి. ఆ మందు మంచినీళ్ళ చెరువులకి చేసినది. సీసా మీద రాసే ఉంది, మేమే చదవలేదు.

ఫ్లూకొనజోల్ కూడా పక్కన పెట్టేశాం. వాడేవాళ్ళని తప్పు అనం. కానీ పాచి చస్తే అది తిన్నదంతా మళ్ళీ నీళ్ళలోకే కదా వచ్చేది.

షాపు ఆయన వియత్నాం మనిషి, పెద్దాయన. ఆయన దగ్గర టెస్ట్ కిట్లు కొని కొలిచాం. చిత్రం ఏంటంటే నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ దాదాపు సున్నా. "అంతా బాగుంటే ఈ అడవి ఏంటి?" అన్నాం. ఆయన నవ్వి పాచిని చూపించాడు. అక్కడుంది, అది తినేసింది, నీళ్ళలో ఏం మిగులుతుంది అన్నాడు. కాబట్టి కిట్ సున్నా చూపించిందని నిశ్చింతగా కూర్చోకండి.

మరి అది తింటున్నది ఎక్కణ్ణుంచి? మొదటిది మేత. చేప వేసినదంతా తినదు, తిన్నదంతా ఒంటికి పట్టదు. మిగిలింది అమ్మోనియా, అక్కణ్ణుంచి నైట్రైట్, అక్కణ్ణుంచి నైట్రేట్. రెండోది మేము పోసే నీళ్ళే. ఉప్పు కలపడానికి కుళాయి నీళ్ళు పనికిరావు, ఆర్ఓడీఐ ఫిల్టర్‌లో వడగట్టాలి, చివర టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. మాది 14. ఎన్నాళ్ళనుంచో. కాట్రిడ్జి ఎప్పుడో అయిపోయింది. ఊళ్ళో అందరి పైపులూ బాగుచేస్తూ ఇంట్లో ఫిల్టరు చూసుకోలేదు. మూడోది రాళ్ళు. ఇది మాకు బాగా నచ్చిన సంగతి. టాంకులో రాళ్ళు సున్నపు రాళ్ళు, ఫాస్ఫేట్ ఎక్కువగా ఉన్నప్పుడు పీల్చుకుంటాయి, నీళ్ళలో తగ్గినప్పుడు మెల్లగా వదులుతాయి. తడి ఎక్కిన ఇటుక గోడ చూశారు కదా? పైన ఎన్ని కోట్లు రంగు వేసినా ఉప్పు పొంగి రాలిపోతూనే ఉంటుంది, లోపల తడి పోయేదాకా. అదే. నెలలు పడుతుంది. అందుకే రెండు వారాలు చేసి "ఏం లాభం లేదు" అని మానెయ్యకూడదు.

పని మొదలుపెట్టాం. రాళ్ళు ఒక్కోటీ బక్కెట్లో టాంకు నీళ్ళలోనే ముంచి, పళ్ళ బ్రష్‌తో రుద్ది, పాచి చేత్తో పీకి పారేశాం. ఇదే అన్నిటికంటే ముఖ్యం, దీనికి మందు లేదు, చేతులే. పాచితో పాటు అది తిన్నదంతా బయటికి పోతుంది. శనివారం శనివారం పది గ్యాలన్ల నీళ్ళు మార్చాం. మేత రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేంత. గడ్డకట్టిన మేత ముక్కని గిన్నెలో కరిగించి, వడగట్టి, ఆ నీళ్ళు పారబోసి వేశాం. లైట్లు ఏడు గంటలు, టైమరు పెట్టి. టైమరు పిల్లాడి చేతికి అందకుండా.

సంప్‌లో ఒక అరలో చేటో అనే నాచు వేశాం. చూడ్డానికి పచ్చటి గిన్నెలు తోమే పీచులా ఉంటుంది. రాత్రిపూట దానికి లైటు. పైన పాచి తినాల్సింది కింద ఇది తింటుంది, నెలకోసారి గుప్పెళ్ళు గుప్పెళ్ళు తీసేస్తాం. పాచిని పాచితోనే ఆపడం. దీన్నే ఇంకో రకంగా, జాలీ మీద నీళ్ళు జార్చి పాచి పెంచి గీకేసే పద్ధతి, స్మిత్‌సోనియన్‌లో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త తయారుచేశాడు.

నత్తలు 20 తెచ్చాం. ఆస్ట్రియా నత్త బోర్లాపడితే తనంతట తాను లేవలేదు. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళే ముందు మా ఆవిడ నైటింగేల్‌లాగా టార్చి వేసుకుని పడిపోయినవాటిని తిప్పి నిలబెట్టేది. ట్రోకస్ అయితే తనే లేస్తుంది, కొనేవాళ్ళు అది కొనండి. ట్యాంగ్ పాచి బాగా తింటుంది గానీ హవాయిలో పట్టడం ఆగిపోయాక దాని ధర కొండెక్కింది. కొనలేదు.

ఇక్కడితో అయిపోయిందని రాస్తే బాగుండేది. మేము అతి చేశాం. ఆగస్టుకి పాచి సగం తగ్గింది. పాచి తగ్గేకొద్దీ రాళ్ళు వదిలే ఫాస్ఫేట్ కిట్‌లో కనపడటం మొదలైంది, 0.3 దాకా వెళ్ళింది. ఇంకా త్వరగా తగ్గాలని ఫాస్ఫేట్ పీల్చే ఇనుప గుళికలు, జీఎఫ్‌ఓ అంటారు, చెప్పినదానికి రెట్టింపు వేశాం. మూడు వారాల్లో సున్నా, ఈసారి నిజం సున్నా. రాళ్ళు తెల్లగా మెరిశాయి. వారానికి ఇసుక మీద గోధుమరంగు చీమిడి లాంటి తీగలు, వాటిలో గాలి బుడగలు. డైనోఫ్లాజెల్లేట్లు. మిగతా అన్నీ ఆకలితో చచ్చినచోట ఇవి లేస్తాయి. వీటిలో కొన్ని విషం. ఇరవై నత్తల్లో పదకొండు పోయాయి. మా ఆవిడ తిప్పి నిలబెట్టినవి కూడా.

నాన్నకి చూపిస్తే, "నీళ్ళు మరీ తేటగా ఉన్నా చెరువు పనికిరాదురా, కాస్త రంగు ఉండాలి" అన్నాడు. ఇన్నాళ్ళూ ఈ మాటలన్నీ ఎక్కడ దాచుకున్నాడో. గుళికలు తీసేశాం. మేత మళ్ళీ కొంచెం పెంచాం. ఆ చీమిడిని సన్న పైపుతో లాగి, గుడ్డలో వడగట్టి, నీళ్ళు మళ్ళీ టాంకులోనే పోశాం. అది పోవడానికి దీపావళి దాటింది. ఇప్పుడు నైట్రేట్ 8 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05, 0.08 మధ్య. సున్నా కోసం ఆరాటపడం.

ఇంకొక్క సంగతి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాం. పీకిన పాచి మా అబ్బాయి వెనకాల బయూలో పారేద్దామన్నాడు. నీళ్ళదే కదా, నీళ్ళలోకే అని. షాపు పెద్దాయనకి చెప్తే మొహం మారిపోయింది. కాలిఫోర్నియాలో శాన్ డియేగో దగ్గర కార్ల్స్‌బాడ్ అని ఊరు. అక్కడ ఉప్పు కయ్యలో 2000 జూన్‌లో డైవర్లు కౌలెర్పా టాక్సిఫోలియా అనే నాచు చూశారు. చూడ్డానికి పచ్చగా, ఈకలాగా అందంగా ఉంటుంది, టాంకుల్లో పెంచేవారు. ఎవరో టాంకు ఖాళీ చేసి పారబోసి ఉంటారు. అదే నాచు 1984లో మొనాకో మ్యూజియం కింద సముద్రంలో కనబడి, తర్వాత మధ్యధరాలో చాలాచోట్లకి పాకింది. చిన్న ముక్క పడినా మొలుస్తుంది. కార్ల్స్‌బాడ్‌లో దాని మీద నల్ల పట్టాలు పరిచి, అంచులకి ఇసుక బస్తాలు వేసి, కింద క్లోరిన్ ఎక్కించారు. అంటే మనం సైట్లో చేసే పనే, నీళ్ళ అడుగున. పూర్తిగా పోయిందని ప్రకటించడానికి 2006 వచ్చింది, ఖర్చు 70 లక్షల డాలర్ల పైన. ఆ రాష్ట్రంలో ఆ నాచు ఇంట్లో ఉంచుకోవడమే నేరం ఇప్పుడు. కాబట్టి మేము పీకినదాన్ని కవర్లో కట్టి, ఫ్రీజర్లో రెండు రోజులు పెట్టి, అప్పుడు చెత్తలో వేస్తాం. ఫ్రీజర్లో గోంగూర పక్కన. ఇంట్లో దాని మీద గొడవలు వేరే.

మైలుతుత్తం సీసా పారెయ్యలేదు. గరాజ్‌లో రంగు డబ్బాల వెనక ఉంది.

నాన్న ఇప్పుడు ఆదివారం ఫోన్ చేస్తే మా కంటే ముందు టాంకు చూపించమంటాడు. నిన్న చూసి, "ఆ ఎడమ మూల రాయి కింద కాస్త ఎర్రగా ఉందేంట్రా?" అన్నాడు. ఇక్కడ రోజూ చూసేవాళ్ళం ముగ్గురం, ఎవరికీ కనపడలేదు. వంగి చూస్తే నిజమే. సయనో. పేరుకి పాచి గానీ అది బాక్టీరియా. ఇంకా అరచేయంత కూడా లేదు. శనివారం పైపు పెట్టి లాగెయ్యాలి. ఈ వారం మేత వెయ్యడం మా అబ్బాయి వంతు, వాడికి చెప్పాలి.